కూజాను తలకిందులు చేసి చూడండి

మన భాషలో కరిగించి పోసే గాజుకూ చేతికి వేసుకునే గాజుకూ ఒకటే మాట. ఒడిశా బరంపురంలో నేను పుట్టిపెరిగిన ఇంట్లో గాజు అనగానే ముందు గుర్తొచ్చేది శ్రావణమాసంలో మలారం భుజాన వేసుకుని వచ్చే గాజులాయన, ఆ తర్వాత నాన్నగారి కళ్ళజోళ్ళ దుకాణం. నాన్నగారి తర్వాత ఆ దుకాణం నేను నడిపాను. లెన్సులు తుడిచి, అంచులు సానపట్టి, వెలుతురుకు ఎత్తి చూసి ముప్ఫై ఏళ్ళకు పైగా గాజుతోనే బతికాను. చేత్తో ఊది చేసిన గాజు పూలకూజాలు, అంటే అందరూ ఫ్లవర్‌వాజులని పిలిచేవి, సేకరించడం ఆ పనిలోంచి వచ్చిన అలవాటే. ఇప్పుడు మా ఇంట్లో అరవై మూడు ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలని దుకాణానికి వచ్చి అడిగేవాళ్ళకు నోటితో చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది 1994లో దొరికింది. మా ఊరికి దగ్గరి గోపాలపురంలో సముద్రపు ఒడ్డున ఒక పాత బంగళా అమ్ముడుపోయింది. రంగూనుకు ఓడలు నడిచిన రోజుల్లో ఆ రేవు సందడిగా ఉండేది. అక్కడి బంగళాల్లో దొరల సామాను, కలకత్తా సామాను, రంగూను సామాను అన్నీ కలగలిసి ఉండేవి. ఆ ఇంటి వస్తువులు బండ్ల మీద మా ఊరి పాత సామాన్ల కొట్టుకు వచ్చాయి. కాళ్ళు ఊడిన కుర్చీల మధ్య, జీడిపిక్కల గోనె పక్కన, దుమ్ముకొట్టుకుపోయిన ఆకుపచ్చ కూజా ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకోగానే అడుగున ఏదో గరుకుగా వేలికి గీసుకుంది.

"అది అడుగు పగిలిందమ్మా, వేరేది చూసుకోండి" అన్నాడు కొట్టాయన.

"ఫరవాలేదు బాబూ, అదే ఇవ్వు" అని నలభై రూపాయలిచ్చి తెచ్చాను. నాన్నగారు దాన్ని తలకిందులు చేసి, కంటికి భూతద్దం బిగించి చాలాసేపు చూశారు. "ఇది విరిగిన చోటు కాదమ్మా, వదిలిన చోటు" అన్నారు.

ఆ మాటకు అర్థం చాలా ఏళ్ళ తర్వాత ఫిరోజాబాద్‌లో కళ్ళారా చూశాను. ఆగ్రా దారిలో టూండ్లా స్టేషన్లో దిగితే దగ్గరే. దేశంలో సగం చేతులకు గాజులు తొడిగే ఊరది. తాజ్‌మహల్ చుట్టుపక్కల పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేను వెళ్ళేనాటికి అక్కడి గాజు కొలిమిలో వాయువు మంటే ఉంది. ఇసుక, సోడా, సున్నం కలిసి కరిగి నారింజరంగు పాకంలా మెరుస్తున్నాయి. పనివాడు పొడవాటి ఇనుప గొట్టం కొసను అందులో ముంచి తిప్పగానే, చెంచాకు తేనె చుట్టుకున్నట్టు గాజు చుట్టుకుంది. గొట్టంలో ఊదాడు, ముద్ద లోపల బుడగ లేచింది. నీళ్ళలో నానిన చెక్క దొప్పలో పెట్టి తిప్పితే భుస్సుమని ఆవిరి వచ్చింది. చేయి ఒక్క క్షణం ఆగినా ముద్ద పక్కకు జారిపోతుంది. అందుకే అతను నాతో మాట్లాడుతున్నంతసేపూ గొట్టం తిప్పుతూనే ఉన్నాడు.

ఇంతలో రెండో మనిషి ఒక ఇనుప కడ్డీ కొసన చిన్న గాజు చుక్కను అంటించుకొచ్చి కూజా అడుగున అతికించాడు. మొదటివాడు మెడ దగ్గర ఒక నీటి చుక్క తాకించి తట్టాడు. కూజా ఊదుడు గొట్టాన్ని వదిలి కడ్డీ మీద నిలిచింది. తెగిన మెడను మళ్ళీ మంటలో పెట్టి, మెత్తబడ్డాక పట్టకారుతో నోరు విప్పాడు. చివరగా కడ్డీ మీద ఒక్క దెబ్బ వేశాడు. కూజా విడిపోయింది, అడుగున మచ్చ మిగిలింది. దాన్నే పాంటిల్ గుర్తు అంటారు. నా ఆకుపచ్చ కూజా నా వేలికి గీసిన చోటు అదే, ఎవరో దాన్ని వదిలిన చోటు.

అందుకే ఎక్కడైనా కూజా నచ్చితే దాని రంగు చూసి మురిసిపోకముందే తలకిందులు చేయండి. కొట్టాయన అనుమతి అడిగి, రెండు చేతులతో పట్టుకుని, కింద ఏదైనా మెత్తటిది వేసుకుని మరీ చేయండి.

అడుగున ఏం కనిపిస్తుంది? పగిలిన చెరకు గడ కొసలా గరుకుగా ఉన్న మచ్చ ఒక రకం. శ్రద్ధగల పనివాళ్ళు ఆ గరుకుదనాన్ని సానపట్టి తీసేస్తారు. అప్పుడు నడిమధ్య రూపాయి బిళ్ళంతో అంతకన్నా పెద్దదో నున్నటి గుంట మిగులుతుంది. లెన్సు లోపలివైపులా కొద్దిగా వంగి, వేలి చివరకు చల్లగా తగులుతుంది. కొన్ని కూజాల అడుగంతా సాన మీద చదును చేసి మెరుగుపెడతారు, అప్పుడు మచ్చ ఆనవాలే ఉండదు. అడుగును కడ్డీకి అతికించకుండా ఇనుప పట్టుతో పట్టుకుని చేసినవాటికీ మచ్చ ఉండదు. కాబట్టి మచ్చ ఉంటే మనిషి చెయ్యి పడిందనడానికి గట్టి ఆధారం, లేకపోయినంత మాత్రాన యంత్రం చేసిందని తీర్పు చెప్పకూడదు. మచ్చలాంటి గుర్తును అచ్చులోనే పోసేవాళ్ళూ ఉన్నారు. అలాంటి చోట గుంట చుట్టూ అచ్చు గీత సన్నగా కనిపిస్తుంది, సానపట్టిన మెరుపు ఉండదు.

తర్వాత అరుగుదల చూడండి. ఎనభై ఏళ్ళు బల్ల మీద నిలిచిన కూజా అడుగున, బల్లకు ఆనే అంచు మీద మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలుంటాయి. పాతదనిపించడానికి గరుకు కాగితంతో రుద్దినవాటి గీతలన్నీ ఒకే దిక్కున, ఒకే లోతున ఉంటాయి. బల్లకు ఆననే ఆనని గుంటలో కూడా ఉంటాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కొనండి. కంసాలి వాడే రకం చాలు, ఖరీదైనది అక్కర్లేదు. ఈ తేడా దానికింద ఒక్కసారి చూస్తే ఇక మరవరు.

అడుగు అయ్యాక నోరు. మంటలో మెత్తబడి తయారైన నోటి అంచు గుండ్రంగా, కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. వేలు దాని చుట్టూ తిప్పితే సన్నగా, మందంగా, మళ్ళీ సన్నగా తెలుస్తుంది. పూర్తిగా చదునైన అంచు ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. తయారుచేసినవాడే కోసి మెరుగుపెట్టి ఉండాలి, లేదా అంచు ఊడితే తర్వాత ఎవరో అరగదీసి ఉండాలి. రోజూ లెన్సు అంచులు సానపట్టిన చేతికి ఈ తేడా తేలిగ్గా దొరుకుతుంది. అరగదీసిన నోరు కూజా ఒంపుకు సరిపోదు. మెడ పైకి విచ్చుకుంటూ పోతూ హఠాత్తుగా ఆగిపోయినట్టు, పాట మధ్యలో తెగినట్టు ఉంటుంది. అంచు మూలలు గోటికి పదునుగా తగులుతాయి.

పక్కన నిలువుగా గీత కనిపిస్తే అచ్చులో పోసిందో, అచ్చులో ఊదిందో అని అర్థం. అచ్చులో ఊదేటప్పుడు గొట్టాన్ని తిప్పుతూ ఊదితే గీత పడదు కాబట్టి గీత లేకపోవడం కూడా సంపూర్ణమైన సాక్ష్యం కాదు. బుడగలు ఉంటే చేతిపని అని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. యంత్రం పోసిన చవక గాజులోనూ బుడగలుంటాయి, గొప్ప పనివాళ్ళ గాజులో ఒక్కటీ ఉండకపోవచ్చు. అడుగు, అరుగుదల, నోరు, మందం, బరువు అన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే చూడాలి. ఒక్కటి వేరేగా పలికితే ఆగండి.

దుకాణం పనిముట్లు

ఎండకు రంగు మారే కళ్ళజోళ్ళు వచ్చాక, కొనేవాళ్ళకు వాటిని చూపించడానికి అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి దుకాణానికి తెచ్చుకున్నాం. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఆ టార్చిని పొరపాటున బల్ల మీద ఉన్న ఆకుపచ్చ కూజా వైపు తిప్పాను. కూజా మొత్తం మిణుగురులా పచ్చగా వెలిగింది. నాన్నగారు అప్పటికి లేరు. ఉంటే చూసి చిన్నపిల్లాడిలా సంతోషించేవారు.

అది యురేనియం కలిపిన గాజు. 1830ల నుంచి ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో, ఆ తర్వాత యూరప్ అంతటా పసుపు, ఆకుపచ్చ రంగుల కోసం గాజులో యురేనియం కలిపేవారు. కలిపేది చాలా కొద్దిగా కాబట్టి అలమరలో ఉంచుకోవడానికి భయపడనక్కర్లేదు. అందులో తాగేవీ తినేవీ మాత్రం పెట్టకండి. మిగతా రంగుల వెనకా లోహాలే ఉన్నాయి. ముదురు నీలానికి కోబాల్టు, ఊదాకు మాంగనీసు, కెంపు ఎరుపుకు బంగారం, మండే నారింజకూ ఎరుపుకూ కాడ్మియం, సెలీనియం వేస్తారు. మన సీసాల్లో కనిపించే పచ్చఛాయ ఇసుకలోని ఇనుముది. ఇది తెలిస్తే "పాతకాలపు బంగారు ఎరుపు" అని అమ్మేవాడి మాటను కాస్త నెమ్మదిగా వింటారు.

అదే టార్చి ఇంకో పనికీ వస్తుంది. అతికించిన చోట్లు ఉంటే జిగురు చాలాసార్లు తెల్లగానో నీలంగానో వెలిగి గీతలా బయటపడుతుంది. పగటి వెలుతురులో ఎంత వెతికినా కనబడని అతుకు చీకట్లో ఒక్క క్షణంలో దొరుకుతుంది.

రెండో పరీక్ష ఇంకా తక్కువమందికి తెలుసు. కంప్యూటర్ తెర మీద ఖాళీ తెల్లటి పేజీ తెరవండి. పోలరాయిడ్ చలువ కళ్ళద్దాన్ని కంటి ముందు పెట్టుకుని, తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు తెరకూ కళ్ళద్దానికీ మధ్య కూజాను పట్టుకోండి. గాజు లోపల బిగువు ఉన్న చోట తెల్లటి చారలు, కొన్నిసార్లు ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. ఊదడం పూర్తయిన కూజాను దాదాపు 500 డిగ్రీల వేడిగల పొయ్యిలో ఉంచి గంటల తరబడి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఆ ఓపిక లేకుండా బయటికి తీస్తే బిగువు లోపలే ఉండిపోతుంది. అలాంటి కూజా ఒకటి సంతలో కొన్నాను. నాలుగు నెలలు బాగానే ఉండి ఒక రాత్రి ఎవరూ తాకకుండానే టక్కుమని నిలువునా చీలింది. అప్పటినుంచి పరీక్ష చేయకుండా ఏదీ అలమరలో పెట్టను. అక్కడక్కడా లేత చారలు సహజమే. అడుగులోనో, పిడి అతికించిన చోటో గట్టి తెల్లని మెరుపుంటే మాత్రం వదిలేయండి.

పేర్లు, చీటీలు, సంతకాలు

పేరు చూసి కొనడం చివరి మెట్టు, మొదటిది కాదు. నేను దీన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇంటర్నెట్‌లో ఒకరి దగ్గర "మురానో" చీటీ అంటించిన నీలం కూజా 6,500 రూపాయలకు కొన్నాను. ఫొటోల్లో దివ్యంగా ఉంది. వచ్చాక చూస్తే అడుగు నిండా ఒకే దిక్కున గరుకు కాగితం గీతలున్నాయి, చీటీ మాత్రం నిన్న అంటించినంత తాజాగా ఉంది. పైన పటారం, లోన లొటారం. చీటీ కాగితమేనని, దాన్ని ఎవరైనా అంటించవచ్చని అంతకుముందు తెలియక కాదు, ఆ నీలం చూసి ఆగలేకపోయాను.

మురానో వెనిస్ పక్కనున్న ద్వీపం. కొలిమి మంటలు నగరానికి అంటుకుంటాయన్న భయంతో 1291లో వెనిస్ పాలకులు గాజు కొలిమిలన్నిటినీ అక్కడికి మార్పించారు. రంగు మీద రంగు పొరలుగా ముంచి తీసే సొమ్మెర్సో, తెల్లటి నూలుపోగుల్లాంటి గీతలు లోపల తిప్పే ఫిలిగ్రానా, రంగురంగుల గాజు కడ్డీలను అడ్డంగా కోసి పూలలా పేర్చే మిల్లెఫియోరి అక్కడి పనితనాలు. పట్టు నేసే బరంపురంలో పుట్టినదాన్ని కాబట్టేమో, ఫిలిగ్రానా చూస్తే నాకు మగ్గం మీద పడుగే గుర్తొస్తుంది. వెనెటో ప్రాంత ప్రభుత్వం 1994లో చేసిన చట్టం వల్ల అసలైన మురానో గాజుకు "వెట్రో ఆర్టిస్టికో మురానో" అన్న ముద్ర, దాని మీద తయారీదారు సంఖ్య వచ్చాయి. అంతకు ముందువాటికి అది ఉండదు. ఇప్పటివాటిలోనూ అన్నిటికీ ఉండదు.

రుమాలును కొసలు పట్టి ఎత్తినట్టుండే ఫాజొలెట్టో కూజా 1940ల చివర మురానోలోని వెనీని కొలిమిలో పుట్టింది. దాని నకళ్ళు ప్రపంచమంతా ఉన్నాయి. ఇంగ్లండులో ఛాన్స్ బ్రదర్స్ చేసినవాటిని నేను ఇష్టంగా కొంటాను. ఎందుకంటే అది మా వృత్తికి బంధువు. 1851 నాటి లండన్ గాజుభవనం క్రిస్టల్ ప్యాలెస్‌కు అద్దాలు, దీపస్తంభాలకు లెన్సులు చేసిన సంస్థ అది. వాళ్ళ రుమాలు కూజాలు పలక గాజును వేడికి మెత్తబరిచి వంచి చేసినవి, ఊదినవి కావు కాబట్టి వాటికి పాంటిల్ మచ్చ ఉండదు. ఆ సంగతి తెలిసి దానికి తగ్గ ధరే ఇవ్వండి.

ఫ్రాన్సులో నాన్సీ పట్టణానికి చెందిన ఎమీల్ గాలే రంగు పొరల గాజును ఆమ్లంతో తొలిచి పూలు, తూనీగలు తేల్చాడు. 1904లో ఆయన చనిపోయాక కొన్నేళ్ళపాటు సంతకం పక్కన చిన్న నక్షత్రం చెక్కేవారు. రొమేనియాలో ఇటీవలి కాలంలో ఆ పద్ధతిలో చేసిన కూజాల మీద "టిప్ గాలే" అని ఉంటుంది. టిప్ అంటే ఆ భాషలో "తరహా" అని. కొందరు ఆ "టిప్"ను అరగదీసి మిగిలిందాన్ని అసలుగా అమ్ముతారు. గాలే అన్న అక్షరాల పక్కన నున్నటి ఖాళీ జాగా కనిపిస్తే టార్చి వెలుతురు పక్కనుంచి వేసి చూడండి. ఫ్రాన్సుకే చెందిన రెనే లాలిక్ కూజాలు అచ్చులో చేసినవే, అచ్చు లేకుండా ఊదిన పనికోసం వాటిని చూడకూడదు. ఆయన 1945లో మరణించేదాకా సంతకంలో "ఆర్. లాలిక్" అని ఉండేది, తర్వాత ఆ మొదటి అక్షరం పోయింది.

ఇవన్నీ కొనడానికి చెప్పడం లేదు. చూడడానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ గాజు దగ్గర ఒక పూట గడపండి. కొనడం ఫిరోజాబాద్ కూజాలతో మొదలుపెట్టండి. మనవాళ్ళ చేతిపని, ధర అందుబాటులో ఉంటుంది, పొరపాటు చేసినా ఇల్లు గుల్లవదు. పది కొని పక్కపక్కన పెట్టి చూస్తే పనివాడి చేతి తేడాలు వాటంతట అవే కనబడతాయి. గాజుపని మనకు పరాయిదీ కాదు. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో కొలిమిలోంచి సన్నటి గాజు గొట్టాన్ని చేత్తో లాగి, ముక్కలు చేసి పూసలు తయారుచేసేవారు. అలాంటి పూసల దండ ఒకటి నా అలమరలో కూజాల మధ్యే ఉంది.

మా వైపు పాత కూజాలు దొరికే చోట్లు మూడు. పాత సామాన్ల కొట్లు, చిన్న జమీందారీల ఊళ్ళలో ఇల్లు మారేవాళ్ళు, కోల్‌కతా రస్సెల్ వీధిలో ఆదివారం వేలం. వేలానికి వెళ్తే శనివారమే వెళ్ళి సరుకు చేతిలోకి తీసుకుని చూడండి, ఎంతదాకా పాడతారో కాగితం మీద రాసుకోండి. కొట్లలో దీపంగా మార్చిన కూజాలు తగులుతుంటాయి. తీగ కోసం అడుగున రంధ్రం వేసి ఉంటారు. వాటిని దీపాలుగానే కొనండి, కూజా ధర ఇవ్వకండి.

ఇళ్ళలో కొనేటప్పుడు ఒక సంగతి. పర్లాకిమిడిలో ఒక బామ్మగారు తొలిచిన పూలున్న చిన్న కూజా చూపించి, "అయిదు వందలు ఇవ్వమ్మా, చాలు" అన్నారు. భూతద్దంలో చూస్తే సంతకం ఉంది, "టిప్" చెరిపిన జాడ లేదు. నాకు చేతులు వణికాయి. "ఇది విలువైనది కావచ్చు బామ్మగారూ, తెలిసినవాళ్ళకు చూపించకుండా అమ్మకండి" అని మనవడికి ఫొటోలు ఎలా తీయాలో చూపించి వచ్చేశాను. ఆ కూజా నా దగ్గర లేదు, దాని అడుగు మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వందేళ్ళు దాటిన కళావస్తువులను విదేశాలకు పంపడం 1972 నాటి చట్టం ప్రకారం వ్యక్తులకు నిషిద్ధమని కూడా ఆ ఇంట్లో చెప్పాను.

కడగడం, దాచడం

ఇత్తడి బిందెను తోమినట్టు గాజును తోమకండి. బూడిద, ఇటుకపొడి, ఇసుక, పీచు దేన్నీ దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ తొట్టిలో మడిచిన తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చుక్కల మెత్తటి సబ్బు వేసి మునివేళ్ళతో కడగండి. చేతి ఉంగరాలు ముందే తీసేయండి. సన్నమెడ కూజా లోపలికి గుప్పెడు బియ్యం, కొద్దిగా నీళ్ళు వేసి నెమ్మదిగా తిప్పితే మురికి వదులుతుంది. మా బోరు నీళ్ళకు తెల్లటి పొర కడుతుంది. మామూలు గాజైతే నీళ్ళు కలిపిన వెనిగర్ కాసేపు పోసి ఉంచితే పోతుంది. నెమలికంఠంలా రంగులు తిరిగే కూజాలకు, బంగారు పూత, రంగు బొమ్మలు ఉన్నవాటికి వెనిగర్ వాడకండి, నానబెట్టకండి, తడిగుడ్డ చాలు. కడిగిన కూజా తడిగా ఉన్నంతసేపూ నిర్మలంగా ఉండి, ఆరగానే మళ్ళీ పాలపొరలా మసకబారితే అది మురికి కాదు, గాజే లోపల తినేయబడింది. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలవ ఉంచితే వచ్చే జబ్బు అది, ఇంట్లో నయం కాదు. కొనేటప్పుడు ఎవరైనా "కడిగితే పోతుందండీ" అంటే, కడిగి చూపించమనండి. పూలు పెట్టుకోవాలనుంటే లోపల చిన్న గొట్టం పెట్టి దానిలో నీళ్ళు పోయండి, మర్నాడు పారబోయండి.

కూజాను ఎండ పడే కిటికీలో పెట్టకండి. నీళ్ళు నింపిన గుండ్రటి కూజా భూతద్దంలాగే ఎండను ఒక బిందువు మీదికి తెస్తుంది. మా చెల్లెలి ఇంట్లో బల్లగుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడి పొగ వచ్చాక ఆ సంగతి అందరూ నమ్మారు.

గంజాం తీరంలో ఉండేవాళ్ళు తుపాను గురించి ముందే ఆలోచించాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. కిటికీలన్నీ బిగించాం, కూజాలను మాత్రం అలమరలోనే ఉంచాం. అర్ధరాత్రి వెనక కిటికీ రెక్క ఊడి అలమర మీద పడింది. తెల్లారాక టార్చితో చూస్తే రెండు కూజాలు నేల మీద ఉన్నాయి. మా అమ్మ ఎప్పుడూ గాజు పగిలిందని అనేది కాదు, పెరిగిందనేది. ఆ పొద్దున కూడా నా భుజం మీద చెయ్యి వేసి "రెండు పెరిగాయమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు తుపాను హెచ్చరిక రాగానే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలుసు. రెండు ఇనుప ట్రంకుపెట్టెలు, పాత బొంతలు, ఉతికిన నూలు చీరల ముక్కలు సిద్ధంగా ఉంటాయి. ఒక్కో కూజాను విడిగా చుట్టాలి, గాజుకు గాజు తగలకూడదు. లోపల గుడ్డ వదులుగా కూరాలి, బిగించి కూరితే మెడ చీలుతుంది. బోర్లించకూడదు, అడుగు మీదే నిలపాలి. నోటి అంచు కన్నా అడుగు గట్టిది. పెట్టెను లోపలి గది నేల మీద, గోడ మూలన ఇటుకల మీద పెట్టాలి. ఫైలిన్ తర్వాత అయిదేళ్ళకు తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఒక్కటీ పోలేదు. పాత వార్తాపత్రికల్లో చుట్టి నెలల తరబడి ఉంచకండి, మా తేమకు సిరా గాజుకు అంటుకుంటుంది. మామూలు రోజుల్లో అలమర అరకు ముందువైపు వేలెడెత్తు చెక్క పట్టీ కొట్టించండి. పొడవైన కూజా ఊగుతుంటే లోపల చిన్న గుడ్డసంచిలో ఇసుక కట్టి దించండి.

ప్రతి కూజాకూ నోటుపుస్తకంలో ఒక పేజీ ఉండాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, ఎత్తు, అడుగు వెడల్పు, వంటింటి త్రాసు మీద బరువు, ఉన్న లోపాలు, ఇవన్నీ రాయండి. ఫొటోలు మూడు చాలు. ముందువైపు, నోరు, అడుగు. పరాయి ఊరివాళ్ళు అమ్ముతామని ఫోను చేసినా నేను అడిగేది ఈ మూడే.

పోయిన వారం ఇచ్ఛాపురం నుంచి ఒకాయన తేనెరంగు కూజా ఫొటోలు ఏడు పంపారు. ముందు, వెనక, పూలతో, పూలు లేకుండా, అమ్మాయి పెళ్ళిఫొటో పక్కన. "అడుగు ఫొటో ఒకటి పంపండి బాబూ" అన్నాను. "అడుగున ఏముందండీ చూడ్డానికి?" అని ఆశ్చర్యపోయారు. నిన్న రాత్రి పంపారు. మసకగా ఉంది గానీ, నడిమధ్య రూపాయి బిళ్ళంత గుంట, దాని చుట్టూ అంచు మీద అన్ని దిక్కులకూ పోయే సన్నటి గీతలు తెలుస్తున్నాయి. ఆదివారం పొద్దుటి బస్సుకు వెళ్తున్నాను. భూతద్దం, టార్చి, మడిచిన తువ్వాలు సంచిలో పెట్టుకున్నాను.